డోక్సీకి పడని నూనె

డోక్సీ కూర్చుని ఉండగా చూసినవాళ్ళు మా మోర్న్ లెవాన్ కొండమీద తక్కువ. చర్చిలో బల్ల చివర కూర్చుని ఒక కాలు నడవలోనే పెట్టుకునేది, బయట ఎవరో పిలుస్తున్నట్టు. పెళ్ళిళ్ళలో కంచం చేత్తో పట్టుకుని తిరుగుతూ తినేది. "నా పెళ్ళాం నిద్రలో కూడా కొండెక్కుతుంది. కావాలంటే దుప్పటి చూడండి ఏమైపోయిందో" అనేవాడు ఆమె మొగుడు ఆల్సీద్. అలాంటి మనిషి ఒకే ఒక్క చోట కుదురుగా నిలబడేది, బట్టీ మూతి దగ్గర. ఆ చోటు ఆమె చేతిలోంచి జారిపోయే రోజులు వచ్చాయి, ఆ సంగతే చెబుతాను. ఆమె కూతురికి బాప్తిస్మంలో రెండో తల్లిగా నిలబడినదాన్ని నేను. అలా నిలబడినవాళ్ళు మా దగ్గర ఒకరికొకరు మకుమేలు. మకుమే దగ్గర దాపరికం ఉండదు. ఉన్నా నేను ఉండనివ్వను.

మా కొండమీద అందరిదీ ఒకటే పంట, బే ఆకు. నలిపితే లవంగంలా గుప్పుమంటుంది. కొమ్మలతో సహా కోసి, కట్టలు కట్టి, తలమీద పెట్టుకుని దిగుతాం. కాస్త వాడనిచ్చి, ఊరుమ్మడి బట్టీలో కుక్కి, నీళ్ళు పోసి, మూత బిగించి కింద కట్టెలు ఎగదోస్తాం. ఆవిరి గొట్టంలోకి వెళ్ళి, ఆ గొట్టం వాగునీళ్ళ తొట్టిలో మునిగి, చల్లబడి, ఈ చివర సన్నటి ధారగా గాజు జాడీలో పడుతుంది, నీళ్ళూ నూనే కలిసి. ఈ చివరనే మూతి అంటాం.

చూడ్డానికి జాడీ పట్టుకుని నిలబడటమే. కానీ ఆ నూనెకి రెండు బుద్ధులు. మొదట వచ్చేది తేలిక, నీళ్ళమీద తేలుతుంది. తర్వాత వచ్చేది బరువు, అడుక్కి పోతుంది. మధ్యలో కాసేపు తేలనూ తేలదు, మునగనూ మునగదు, కలిపిన పిండిలా తెల్లగా గిరగిరా తిరుగుతుంది. మొదటి జాడీ అడుగునుంచి నీళ్ళు వదిలేది, రెండోది పైనుంచి వదిలేది. ఆ కాసేపట్లో జాడీ మార్చాలి. ముందు మారిస్తే తేలిక నూనె నీళ్ళతో పాటు కారిపోతుంది, ఆలస్యమైతే బరువు నూనె వాగు పాలు. చివరికి రెండూ కలిపితేనే సరుకు. డోక్సీ ఆ సమయాన్ని కంటితో కాదు, ముక్కుతో పట్టేది. తేలిక నూనె వాసన నిమ్మతొక్కలా పైపైన పోతుందట, బరువుది గొంతులోకి దిగుతుందట. అంతకుముందు మూతి చూసుకున్న ముసలి తెయోఫిల్ పోయాక ఊరంతా కలిసి డోక్సీని ఆ మూతి దగ్గర నిలబెట్టింది. ఆడదాన్నా అని గొణిగిన వాళ్ళు మొదటి వాయి చూసి నోరు మూసుకున్నారు.

మూసుకోనిది ఆల్సీద్ అక్క క్లోటిల్డ ఒక్కతే. "తెయోఫిల్ నాకు వరసకి బాబాయి. ఆ చోటు మా ఇంటిది" అని బట్టీ దగ్గరికొచ్చినప్పుడల్లా గోడకి చెప్పినట్టు చెప్పేది. డోక్సీ తల తిప్పేది కాదు. జాడీ మీద ఉన్న కన్ను తీస్తే కదా.

దురద మొదలైన ఏడాది వానలు ముందే వచ్చాయి. వేళ్ళ సందుల్లో ఆవగింజలంత పొక్కులు లేచాయి. డోక్సీ చేతులు పావడాకి రుద్దుకుంటూ మా గుమ్మంలోకి వచ్చింది.

"మకుమే, నీ దగ్గర బే రమ్ ఉందా? మా ఆయన సీసా మొత్తం మొహానికే పూసేశాడు."

"ఏమైందే చేతులకి?"

"ఏమో, బూడిద పడలేదేమో. కట్టెలు పచ్చివి తెస్తున్నారు ఈమధ్య."

ఇచ్చాను. ఎవరైనా ఇస్తారు. మా దగ్గర బే పడనిదంటూ ఏదీ లేదు. బిడ్డ పుడితే ఆకు కాచిన నీళ్ళతోనే మొదటి స్నానం. జ్వరానికి ఆకు, కోకో టీలో ఆకు. పన్ను సలిపితే దూదిమీద ఒక చుక్క, చిగురు మొద్దుబారి ఆ పూట నిద్రపడుతుంది. మోకాళ్ళకీ, మగవాళ్ళు గీసుకున్న గడ్డాలకీ రమ్ములో ఆ నూనె కలిపిన బే రమ్. చివరికి మనిషి పోతే ఒళ్ళు తుడిచేదీ దాంతోనే. అలాంటప్పుడు చేతులమీద పొక్కులొస్తే ఏం రాస్తాం?

రాసుకుని ఎగిరి గంతేసింది.

"మండిందా?" అన్నాను.

"చచ్చేంత!"

"అయితే పట్టిందన్నమాట."

మా కొండమీద అందరూ అనే మాటే అది. మండితే మందు పనిచేస్తున్నట్టు. మర్నాటికి పొక్కులు మణికట్టుకి పాకాయి. అంటే ఇంకా గట్టి మందు కావాలని ఆల్సీద్ బే రమ్ మానిపించి, ఏమీ కలపని నూనె తెచ్చి తనే ప్రేమగా పట్టించాడు. ఆ రాత్రి గడిచేసరికి డోక్సీ చేతులు ఉడకబెట్టిన పీతల్లా ఉన్నాయి. పక్క కొండమీద సోదె చెప్పే ముసలాయన దగ్గరికి పరిగెత్తింది. ఆయన కళ్ళు మూసుకుని, తెరిచి, "నీకు అయినవాళ్ళ దిష్టి" అని చెప్పి స్నానానికి ఒక మూట ఇచ్చాడు. మూట విప్పితే ఏముంది, బే ఆకే.

దిష్టి అన్నాడు కదా, ఇక డోక్సీకి క్లోటిల్డ తప్ప ఎవరూ కనపడలేదు. బట్టీ దగ్గర అందరిముందూ అడిగేసింది.

"నా చేతులమీద ఏం కళ్ళు పెట్టావు వదినా?"

"నీ చేతులమీదా? అవి చేతులా? కాకి కూడా వాలదు వాటిమీద" అంది క్లోటిల్డ, నడుం మీద చెయ్యేసుకుని. "నాకు దిష్టి పెట్టడం వస్తే నీ నోటికి పెట్టేదాన్ని ముందు."

జనం నవ్వారు. డోక్సీ నవ్వలేదు. జాడీ అంచు పట్టుకుని ఉంది, వేళ్ళు వేళ్ళతో గీరుకుంటోంది, మళ్ళీ జాడీ పట్టుకుంటోంది. ఆ రోజు ఆవిరి ఎక్కువగా కమ్మింది. సాయంత్రానికి ఆమె రెప్పలు ఉబ్బి కళ్ళు రెండు గీతలయ్యాయి. అయినా జాడీ సరైన సమయానికే మార్చింది. చూడకుండానే.

కింది ఊరి ఆరోగ్య కేంద్రానికి నేనే లాక్కెళ్ళాను. అక్కడి నర్సు ఫెలిసియా గ్రాండ్ బే ఊరి పిల్ల. గొంతు పెద్దది, మనసు మంచిది. డోక్సీ చేతులు తిప్పి చూసి, "ఏం రాశావమ్మా వీటికి?" అంది. డోక్సీ చెబుతూ పోయింది. వింటున్న నర్సు మొహం ముడుచుకుంటూ పోయింది.

"ఇన్నిట్లోనూ ఉన్నది ఒకటే కదా" అంది చివరికి.

"మంచిదే కదా మరి."

"మంచిదే. కానీ నీకు పడటం లేదేమో."

డోక్సీ నవ్వేసింది. "నేను పుట్టగానే ముంచింది అందులోనే. ఇప్పుడు పడకపోవడం ఏంటి? అమ్మపాలు పడవని ఈ వయసులో చెబుతారా ఎవరైనా?"

"అలాగే జరుగుతుంది ఒక్కోసారి. ఏళ్ళ తరబడి ఓర్చుకుంటుంది ఒళ్ళు. ఒకరోజు ఎదురు తిరుగుతుంది. తిరిగిందా, ఇక ఆ కోపం పోదు. నాకూ ఖాయంగా తెలీదు, చూద్దాం."

డోక్సీ వీపుమీద రెండు చోట్ల గుడ్డముక్కలు అంటించింది. ఒకదానికింద వట్టి కొబ్బరినూనె. రెండోదానికింద అదే కొబ్బరినూనెలో చిటికెడు బే నూనె, ఉందా లేదా అన్నంత. తడపొద్దు, తీయొద్దు, గీరొద్దు అని పంపింది. గీరొద్దు అనడం ఎవరితోనండీ! ఆ రెండు రోజులూ డోక్సీ మా ఇంటి గుంజకి వీపు ఆనించబోవడం, నేను అరవడం.

"మకుమే, కొంచెమే. గుడ్డ పక్కన."

"పక్కన కూడా వద్దు. రా, కొండ దిగి ఎక్కుదాం."

ఎన్నిసార్లు దిగి ఎక్కామో. నా మోకాళ్ళు ఆ వారమంతా తిట్టాయి.

గుడ్డలు తీస్తే కొబ్బరినూనె కింద చర్మం ఎప్పట్లాగే ఉంది. రెండో దానికింద ఎర్రటి చతురస్రం, అంచు గీసినట్టు, మధ్యలో పొక్కులు. నర్సు అద్దం పట్టుకుంటే నేను ఇంకో అద్దం పట్టుకున్నాను. డోక్సీ మెడ తిప్పి తిప్పి చూసుకుంది.

"అద్దం వంకరది" అంది.

"అద్దం మంచిదే. ఆ నూనెలో ఘాటుగా ఉండే పదార్థం ఒకటుంది, యూజినాల్ అంటారు. లవంగంలో ఉండేదీ అదే. పన్నునొప్పిని మొద్దుబార్చేదీ అదే. ఎక్కువైతే కాల్చేదీ అదే."

"పేరు పెట్టేసరికి దానికి మర్యాద వచ్చేసిందా? మా ఇంట్లో దాన్ని నూనె అంటాం."

నర్సు ఓపిగ్గా చెప్పింది. నాకు గుర్తున్నంత చెబుతాను, ఎందుకంటే పడేవాళ్ళు కూడా వినాల్సినవే అవి. ఏమీ కలపని నూనె ఎవరి ఒంటికీ రాయకూడదు, గరిటెడు కొబ్బరినూనెలో చుక్క వేసుకోవాలి. పిల్లలకి అందే చోట పెట్టకూడదు, ఒక చెంచాడు మింగినా కాలేయం పాడైపోయి ప్రాణంమీదికి వస్తుంది. కంట్లో పడితే రుద్దకుండా నీళ్ళతో కడుగుతూనే ఉండాలి. మంటకి దూరంగా, గాజులో, చీకటిగా ఉన్న చోట దాచాలి. ఇక జాడీలు ఎక్కడ కడుగుతున్నారని అడిగింది. వాగులో అన్నాను. వాగులో రొయ్యలు వెల్లకిలా తేలడం చూశారా అంది. చూశాం, బట్టీ రోజున అవి కూడా రమ్ము తాగాయని నవ్వుకునేవాళ్ళం. "తాగలేదు. మొద్దుబారి చస్తున్నాయి" అంది నర్సు. అప్పట్నించి కడుగునీళ్ళు గుంట తీసి పోస్తున్నాం.

డోక్సీ ఇవేమీ వినలేదు. ఒకటే అడిగింది.

"నేను మూతి దగ్గర నిలబడొచ్చా లేదా?"

నర్సు వెంటనే లేదని అనలేకపోయింది. పల్చటి తెల్ల తొడుగులు ఇచ్చి చేతులకి వేసుకోమంది. అక్కడే పొరపాటైంది, అది నర్సుకీ తెలియదు, మాకూ తెలియదు. ఆ నూనె పల్చటి తొడుగుని లెక్కచేయదు. తొడుగు ఉబ్బి జిగురుగా అయింది, నూనె లోపలికి చేరింది, చేరినది బయటికి రాలేదు. మూత పెట్టి ఉడకబెట్టినట్టు అయింది డోక్సీ చేతులకి. నర్సు తర్వాత రోజో పట్నం నుంచి నీలంరంగు మందపాటివి తెప్పించింది. అవి నయం, కానీ మాటిమాటికీ మార్చాలి. చేతులు సర్దుకున్నా ఆవిరి మొహానికి తగులుతూనే ఉంది. మొహానికి ఏ తొడుగు తొడుగుతాం?

ఇంట్లో ఇంకో గోల. ఆల్సీద్ మొహానికి బే రమ్ లేకుండా గడప దాటే మనిషి కాదు. ఆ బుగ్గ తగిలిన చోటల్లా డోక్సీకి దద్దురు. మంచం ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. ఒకనాడు ఆదివారం పూజకి ఆల్సీద్ ఏ వాసనా లేకుండా వచ్చాడు. మగవాళ్ళంతా అతన్ని చుట్టుముట్టారు.

"ఏం ఆల్సీద్, స్నానం చేయలేదా?"

"చేశాను."

"మరి మనిషి వచ్చినట్టే లేదే. నీ వాసన ఇంట్లో పెట్టొచ్చావా?"

"పెళ్ళాం కావాలో వాసన కావాలో తేల్చుకోమంటే ఏంచేస్తాం" అన్నాడతను, గీసిన గడ్డం తడుముకుంటూ. ఏళ్ళనాటి అలవాటు, చెయ్యి ఇంకా సీసా కోసం వెతుకుతోంది పాపం.

డోక్సీ చివరికి రోజోలో ఉన్న కూతురు మారిజెల్ దగ్గరికి వెళ్ళడానికి ఒప్పుకుంది, చేతులు మానేవరకూ. ఆమె లేనప్పుడు మూతి దగ్గర క్లోటిల్డ నిలబడుతుందని ఊరు తేల్చింది. వెళ్ళే రోజున డోక్సీ బట్టీ చుట్టూ దూరంగా తిరిగి, గాలికి ఎదురుగా నిలబడి, లారీ హారన్ కొడుతున్నా కదల్లేదు.

"వస్తానని చెప్పు వాళ్ళకి" అంది నాతో.

"ఎవరికి?"

"అందరికీ. ముఖ్యంగా ఆవిడకి."

క్రిస్మస్‌కి నేను రోజో వెళ్ళాను. చేతులు నున్నగా, చిన్నపిల్ల చేతుల్లా ఉన్నాయి. మనిషి మాత్రం పంజరంలో చిలక. మారిజెల్ పనికి పోతూ తలుపు మూసిన దగ్గర నించి డోక్సీ మేడమెట్లు దిగుతుంది, ఎక్కుతుంది, కిటికీ తీస్తుంది, మూస్తుంది.

"అమ్మ నా నేల అరగదీస్తోంది నెన్నెన్. తీసుకుపో" అంది నా పిల్ల నా చెవిలో. నెన్నెన్ అంటే బాప్తిస్మం తల్లి, నేనే.

"మానిపోయింది చూశావా మకుమే?" డోక్సీ చేతులు నా మొహం ముందు ఆడించింది. "ఆ నర్సు ఒళ్ళు మర్చిపోదంది. మర్చిపోయింది! నా ఒళ్ళు నాకు తెలీదా?"

పండగ భోజనానికి మారిజెల్ పెద్ద పంది తొడ కాల్చింది. తోలుమీద గళ్ళు కోసి, ఒక్కో గడిలో ఒక్కో లవంగం గుచ్చింది. ఎర్ర సొరెల్ పూల పానకంలో కూడా లవంగాలే. పండగంటే అంతే కదా. డోక్సీ ఆకలిమీద ఉంది, రెండు ముక్కలు తినేసి గ్లాసు ఎత్తి తాగింది. గ్లాసు కింద పెట్టేసరికి పెదాలు దొండకాయలయ్యాయి. మారిజెల్ ఏడుపు, నేను ఆసుపత్రికి బండి కోసం వీధిలో కేకలు. ఆసుపత్రిలో సూది వేశాక వాపు దిగింది. డోక్సీ మంచంమీద లేచి కూర్చుంది. ఎప్పుడూ చూడలేదు అలా ఆమెని, కాళ్ళు రెండూ కలిపి, కదలకుండా. పెదాలు తడుముకుని అంది:

"మర్చిపోలేదు మకుమే."

"ఏది?"

"ఒళ్ళు. లవంగం రూపంలో వచ్చినా గుర్తుపట్టేసింది."

తిరిగి కొండకి వచ్చేసరికి అక్కడ పంచాయితీ. క్లోటిల్డకి పని రాదని నేననను. చూపు మంచిది, ఓర్పుంది. గర్వం ఒకటే ఎక్కువ. గాజు జాడీ ఒకటి పగిలితే ఎవరినీ అడగకుండా కొట్టువాడి వంటనూనె డబ్బాలో నూనె పోసింది. ప్లాస్టిక్ డబ్బా. ఆ నూనె దాన్ని నమిలేసింది. అడుగు మెత్తబడి, పక్కలు లోపలికి పీక్కుపోయి, కారడం మొదలైంది. కారింది పొయ్యివైపుకే. ఎవరో చూసి మట్టి పోశారు కాబట్టి సరిపోయింది గానీ బట్టీ అంటుకునేదే. మిగిలిన నూనె ప్లాస్టిక్ కంపు పట్టి, కొనేవాడు మూత తీసి మళ్ళీ పెట్టేశాడు. దాంతో ఊరు రెండుగా చీలింది. డోక్సీ వచ్చిందిగా, ఆమెనే నిలబెట్టండి అని కొందరు. చచ్చిపోతుంది రా అని కొందరు. ఇంతలో ఆల్సీద్, డోక్సీల తోటలో ఆకు ముదిరి కోతకొచ్చింది.

మా దగ్గర ఒకరి ఆకు అందరూ కోస్తారు. ఆ ఇంటివాళ్ళు వంట పెడతారు, రమ్ము పోస్తారు, రేపు ఇంకొకరి ఆకుకి వీళ్ళు వెళ్తారు. ఆ రోజు ఇంటివాళ్ళు చేతులు ముడుచుకుని ఉండటం పరువు కాదు. డోక్సీ అందరికంటే ముందే లేచి బట్టీ దగ్గరికి బయల్దేరితే ఆల్సీద్ దారికడ్డం నిలబడ్డాడు.

"మన ఆకు పోతే పోనీవే. ఆ వాయి చెడితే చెడనీ."

"చెడనివ్వను."

"నీకేమన్నా అయితే?"

"చెడితే మాత్రం నాకేమీ కాదా?"

అతను తప్పుకున్నాడు. నేను వెనకే వెళ్ళాను. అప్పటికే పాత్ర నిండింది, మూత బిగించారు, మంట పెట్టారు. మూతి దగ్గర క్లోటిల్డ జాడీతో నిలబడి ఉంది. డోక్సీని చూసి జాడీని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

డోక్సీ లోపలికి వెళ్ళలేదు. గాలి వచ్చేవైపు తలుపు దగ్గర ఆగింది. ముక్కుకీ నోటికీ తడిగుడ్డ చుట్టుకుంది. తర్వాత నా వైపు వీపు తిప్పి చేతులు రెండూ వెనక్కి పెట్టింది.

"కట్టు మకుమే."

"ఏంటి కట్టేది?"

"చేతులు. నా ఏప్రన్ తాడుతో కట్టు. లేకపోతే జాడీ మార్చే సమయానికి అవి నన్నడగవు, వాటంతటవే వెళ్ళిపోతాయి."

కట్టాను. ముడి వదులుగా వేస్తే ఇంకా బిగించమంది.

ధార మొదలైంది. తేలిక నూనె పైకి తేలింది, పసుపుపచ్చగా. క్లోటిల్డ సొరబుర్ర గరిటెతో తీస్తోంది. డోక్సీ గుమ్మంలో ఒక కాలుమీంచి ఇంకో కాలుమీదికి మారుతోంది. తడిగుడ్డ పక్కకి జరిపి ఒక్క పీల్పు పీల్చి, మళ్ళీ కప్పుకోవడానికి గడ్డంతో లాక్కుంటోంది. మధ్యాహ్నం దాటాక క్లోటిల్డ జాడీ మార్చబోయింది.

"ఇప్పుడే వద్దు వదినా."

"తెల్లబడింది. కనపడటం లేదా?"

"కనపడితే ఏం? వాసన ఇంకా పైనే ఉంది. వంగి పీల్చు. గొంతులోకి దిగిందా?"

క్లోటిల్డ వంగింది. ఒప్పుకోవడం ఇష్టం లేదు, అయినా పీల్చింది. "ముక్కులోనే ఉంది."

"ఆగు మరి."

ఆగింది. డోక్సీ వెనక చేతులు గుంజుకుంటున్నాయి. నేను చూస్తున్నాను, వేళ్ళు గాల్లో జాడీ మెడ పట్టుకుంటున్నాయి, వదులుతున్నాయి. తాడు మణికట్టుమీద ఒరుసుకుంటోంది. రెప్పలు అప్పటికే ఎర్రబడ్డాయి. నేను భుజంమీద చెయ్యేస్తే విదిలించేసింది. క్లోటిల్డ మళ్ళీ వంగి పీల్చింది, ఇంకోసారి పీల్చింది. మొహం ఏదో మింగినట్టు మారింది.

"దిగింది" అంది. అడిగినట్టు కాదు, చెప్పినట్టు. గొంతు పట్టుకుని చూపించింది. "ఇక్కడిదాకా."

డోక్సీ గుడ్డ జరిపి పీల్చింది. "మార్చు" అంది.

మార్చింది. చుక్క పోలేదు. కొత్త జాడీలో బరువు నూనె నీళ్ళు చీల్చుకుని అడుక్కి దిగుతుంటే అందరం మెడలు చాపి చూశాం. క్లోటిల్డ జాడీ మీంచి కన్ను తీయకుండానే అంది:

"ఇక వెళ్ళు. నీ కళ్ళు మూసుకుపోతున్నాయి. వచ్చే వాయికి కూడా రావాలనుకోకు."

"మళ్ళీ తొందరపడితే?"

"పడను. దిగేదాకా ఆగుతా. వెళ్ళవే, చస్తావు ఇక్కడ!"

ఆ అరుపులో కోపం ఎంతో, ఇంకోటి ఎంతో నేను చెప్పలేను. డోక్సీ అక్కడే ఇంకాస్త నిలబడింది. మెట్టు దిగింది, మళ్ళీ ఎక్కింది, మళ్ళీ దిగింది. తర్వాత వెనక్కి చూడకుండా కొండ ఎక్కడం మొదలుపెట్టింది, చేతులు వెనక కట్టేసే ఉన్నాయి, దొంగని పట్టుకెళ్తున్నట్టు. నేను వెనకాల ఆయాసపడుతూ విప్పుతానని పిలుస్తున్నా ఆగలేదు. గాలి బాగా కొట్టే చోటికి, ఇంటి వెనక వంటల దగ్గరికి వచ్చాక ఆగింది.

"ఇప్పుడు విప్పు."

విప్పాను. మొహంమీద నీళ్ళు కుమ్మరించాను. బట్టీ ఉన్న వాగువైపు తిరక్కుండా నిలబడింది. చేతులు రెండూ ముందుకి తెచ్చుకుని చూసుకుంది. ఏం చేయాలో వాటికి తెలియటం లేదు, ఆమెకీ తెలియటం లేదు. పావడా సర్దింది, జుట్టు సర్దింది, గిన్నెమీద మూత తీసి మళ్ళీ పెట్టింది. పనివాళ్ళ భోజనానికి ఉడకబెట్టాల్సిన చేమదుంపలు తట్టనిండా పక్కన ఉన్నాయి. ఒకటి తీసుకుని కత్తి అందుకుంది.

"ఆగవే, ఒట్టి చేతుల్తో వద్దు. దురద పుడుతుంది" అన్నాను.

"చేమదుంప దురద అందరికీ పుడుతుంది మకుమే" అంది. తొక్క తీయడం మొదలుపెట్టింది. నిలబడే.